అయిదేళ్లు ఆగిన మొక్కు: అమ్మతో రామతీర్థం బోడికొండ ఎక్కాం

2025 ఫిబ్రవరి 1, శనివారం పొద్దున్న 9 గంటల 40 నిమిషాలకి మా అమ్మ విజయనగరం జిల్లా రామతీర్థంలో బోడికొండ మీద కోదండరాముడి ముందు నిలబడింది. చేతిలో నువ్వుల నూనె సీసా ఉంది. ఆ నిమిషం కోసం మేం 2019 అక్టోబర్ నుంచి ఎదురు చూస్తున్నాం. మోకాళ్ల నొప్పులున్న అమ్మనో నాన్ననో తీసుకుని ఆ కొండ ఎక్కాలనుకునేవాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2019లో మా తమ్ముడికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు 18 వేలకి పడిపోయాయి. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. నాలుగో రోజు రాత్రి వరండాలో బల్ల మీద కూర్చుని అమ్మ మొక్కుకుంది. "రామతీర్థం కొండ నడిచి ఎక్కుతాను సామీ. మా చేలో పండిన నువ్వుల నూనెతో నీకు దీపం పెడతాను. నా కొడుకుని నాకియ్యి." పక్కనే ఉన్నాను, నాకు వినపడింది. తమ్ముడు దీపావళికి రెండు రోజుల ముందు ఇంటికి వచ్చాడు.

మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. అమ్మ చిన్నప్పుడు మా అమ్మమ్మతో శివరాత్రి తీర్థానికి రామతీర్థం వచ్చేదట. ఆ రోజుల్లో జాగరం చేసి, తెల్లారకుండానే కొండెక్కి పై గుడిలో రాముడిని చూసి దిగేవాళ్లట. అంచేత అమ్మకి రామతీర్థం అంటే కింద ఉన్న పెద్ద గుడి కాదు, కొండ మీది గుడే.

దీపావళి అయిన వెంటనే వెళ్లిపోయి ఉంటే బాగుండేది. అమ్మ ఒప్పుకోలేదు. ఇంట్లో ఉన్నవి పాత నువ్వులు, కొత్త పంట వచ్చాక కొత్త నూనె తీసుకెళ్లాలి అంది. జనవరిలో చల్లిన నువ్వులు ఏప్రిల్‌లో ఇంటికొచ్చాయి. అప్పటికి లాక్‌డౌన్. గుళ్లన్నీ మూసేశారు. సరే, సంక్రాంతి సెలవుల్లో వెళ్దామని డిసెంబర్‌లో అనుకున్నాం.

2020 డిసెంబర్ 29. టీవీలో వార్త వచ్చింది. బోడికొండ మీది రాముడి విగ్రహం తల ఎవరో నరికేశారని. ఆ రోజు అమ్మ పొయ్యి వెలిగించలేదు. మర్నాడు తల కొండమీది కొలనులో దొరికిందని చెప్పారు. టీవీ చుట్టూ కూర్చున్నవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడుకుంటున్నారు. అమ్మ మాత్రం లేచి నూనె సీసా తీసి దేవుడి గూట్లో వెనక్కి పెట్టేసింది. ఇంట్లో చావు జరిగినట్టే ఉంది ఆ వారమంతా.

2021 జనవరిలో తిరుపతిలో చెక్కిన కొత్త విగ్రహాలు వచ్చాయి. కొండ కింద బాలాలయంలో, అంటే తాత్కాలికంగా కట్టిన చిన్న గుడిలో పెట్టి పూజలు మొదలుపెట్టారు. మొక్కు అక్కడ తీర్చేసుకోవచ్చు కదా అని మా పిన్ని చెప్పింది. అమ్మది ఒకటే మాట, "కొండెక్కుతానని మొక్కాను." పైన గుడి తిరిగి కట్టి, 2022 ఏప్రిల్ 25న ప్రతిష్ఠ చేశారు. కాని అప్పటికి మా నాన్నకి పక్షవాతం వచ్చి మంచాన ఉన్నారు. అమ్మ గడప దాటే వీలు లేదు. 2023 జూన్‌లో నాన్న పోయారు. ఏడాది తిరక్కుండా కొండ మీది దేవుడి దగ్గరికి వెళ్లకూడదు కాబట్టి 2024 జూన్‌లో సంవత్సరీకం అయ్యేదాకా ఆ మాటే ఎత్తలేదు.

ఈ అయిదేళ్లూ ప్రతి ఏప్రిల్‌లో అమ్మ కొత్త నువ్వులు గానుగ ఆడించి, మొదటి సీసా సామి పేరు మీద పక్కన పెట్టేది. మళ్లీ ఏప్రిల్ వచ్చేసరికి అది పాతదైపోయేది. పాత నూనె సామికి పనికిరాదని దాన్ని ఆవకాయలో పోసేసి, కొత్త సీసా నింపేది. అయిదు సీసాలు అలా మారాయి. ఇది నేను ఎవరికైనా చెప్తే కళ్లు చెమరుస్తాయి, ఇప్పటికీ.

అమ్మకి 64 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయి. సెప్టెంబర్‌లో డాక్టర్‌ని అడిగితే, "ఎక్కడం కన్నా దిగడం కష్టం. మూడు నెలలు తొడ కండరాలకి వ్యాయామం చేసి, బరువు తగ్గాక చూద్దాం" అన్నారు. అక్టోబర్ నుంచి రోజూ సాయంత్రం మా డాబా మెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టింది. మొదటి వారం నాలుగుసార్లు, జనవరికి పదిహేనుసార్లు. బరువు మూడు కిలోలే తగ్గింది. కాని మెట్టు మీద కాలు నమ్మకంగా పెట్టడం వచ్చింది.

భీష్మ ఏకాదశికి రామతీర్థంలో స్వామి కల్యాణం. ఆ ఏడాది ఏకాదశి ఫిబ్రవరి 8న పడింది. ఆ రోజు జనంలో అమ్మని ఎక్కించలేం. శివరాత్రికైతే ఇంక చెప్పక్కర్లేదు. అందుకే వారం ముందు శనివారం పెట్టుకున్నాం. ఇది మేం చేసిన మంచి పని.

తెల్లవారుజామున 5 గంటలకి ఇంటి నుంచి బయల్దేరాం. విజయనగరం బస్టాండులో దిగి ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ, అక్కడ ఆగినంతసేపూ కలిపి 800. వెయ్యి అడిగాడు, తమ్ముడు బేరమాడాడు. విజయనగరం నుంచి పన్నెండు పదమూడు కిలోమీటర్లే. ఒంటరిగా వెళ్లేవాళ్లకి బస్సులు, షేర్ ఆటోలు ఉన్నాయి. అమ్మ నడిచి ఎక్కాలి కాబట్టి తొక్కిసలాటలో అలిసిపోకూడదని సొంతంగా మాట్లాడుకున్నాం. నెల్లిమర్ల దాటి కొంత దూరం వెళ్లాక కొండలు కనిపించాయి. అమ్మ కొంగు నెత్తిన వేసుకుని దణ్ణం పెట్టింది.

7 గంటల 20కి చేరాం. కింది గుడిలో సామికి చెప్పకుండా పైకి వెళ్లకూడదంది అమ్మ. దర్శనం ఇరవై నిమిషాల్లో అయింది. బయట రెండు కొబ్బరికాయలు 80, తులసి దండ 30. చెప్పులు కిందే వదిలేశాం.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. మేం చేసిన పొరపాటు ఇక్కడే. పైన గుడి తలుపులు ఏ వేళకి తీస్తారో కింద అడగలేదు. తొందరలో ఎక్కేశాం. పైకి వెళ్లాక కూర్చోవలసి వచ్చింది. మీరు వెళ్తే కొబ్బరికాయ కొనకముందే ఆ సంగతి కనుక్కోండి.

7 గంటల 55కి మొదటి మెట్టు. బోడికొండ పేరుకి తగ్గట్టే ఉంటుంది. చెట్టూ చేమా తక్కువ, ఏకశిలలా రాయి. నీలాచలం అని కూడా అంటారు. పొద్దుటి ఎండలో ఆ రాయి నిజంగానే నీలంగా కనిపించింది, ఏనుగు వీపులాగ. మెట్లన్నీ ఒక ఎత్తున ఉండవు. ఒకటి జానెడు, ఇంకొకటి మూరెడు. మూరెడు మెట్టు వచ్చినప్పుడల్లా తమ్ముడు ముందుండి చెయ్యి అందించేవాడు, నేను వెనకనుంచి నడుం పట్టుకునేదాన్ని. అమ్మ మొదట్లో మెట్లు లెక్కపెట్టింది. నూటపది దగ్గర ఒక కోతి వచ్చి నా భుజం మీది సంచిలోంచి అరటిపళ్లు లాక్కుపోయింది. ఆ గొడవలో లెక్క పోయింది. తినే వస్తువు ఏదైనా గుడ్డ సంచిలో అడుగున పెట్టి మూతి కట్టేయండి. పాలిథిన్ కవర్ చేతిలో కనిపిస్తే వదలవు.

పది నిమిషాలు ఎక్కడం, అయిదు నిమిషాలు కూర్చోవడం. డాక్టర్ చెప్పిన లెక్క ఇదే. మూడోసారి కూర్చున్నప్పుడు అమ్మ మూగమ్మ కథ చెప్పింది. మాకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథే, ఆ రాయి మీద కూర్చుని వింటే వేరేగా ఉంది.

పాండవులు అడవుల్లో తిరుగుతున్న రోజుల్లో కృష్ణుణ్ణి తమతో ఉండమన్నారట. నేను రాలేను, నాకు బదులు వీళ్లని కొలుచుకోండని సీతారామలక్ష్మణుల మూర్తులు ఇచ్చాడట. పాండవులు వెళ్లిపోతూ వాటిని వేదగర్భుడనే భక్తుడికి అప్పగించారు. తర్వాత కాలం మారి, ఆ మూర్తులు నీళ్లలోకి చేరి ఎవరికీ తెలియకుండా పోయాయి. ఎన్నో ఏళ్లకి కట్టెల కోసం ఒక మూగ ముసలమ్మ కొండకి వచ్చింది. వాన, చీకటి. దారి తప్పింది. భయంతో అరవడానికి కూడా గొంతు లేదు. అప్పుడు రాముడు కనిపించి ఆమె నాలుక మీద తన పేరు రాశాడు. మాట వచ్చింది. నేను ఈ నీళ్లలో ఉన్నాను, రాజుకి చెప్పు అన్నాడు. ఆమె వెళ్లి పూసపాటి రాజుకి చెప్పింది. రాజు వచ్చి వెతికిస్తే నీళ్లలో దొరికారు. తీర్థంలో దొరికిన రాముడు కాబట్టి రామతీర్థం.

"మూగదానికి కనిపించాడే తల్లీ. రాజుకి కనిపించలేదు" అంది అమ్మ, చెమట తుడుచుకుంటూ.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. నాకు తెలిసింది నేనూ చెప్పాను. ఎదురుగా కనిపించే గురుభక్తులకొండ మీద బౌద్ధుల విహారాల పునాదులు ఉన్నాయి. ఈ కొండల గుహల్లో జైన తీర్థంకరుల విగ్రహాలున్నాయి. ఒక గుహ గోడ మీద కన్నడంలో శాసనం ఉంది. రాజరాజ నరేంద్రుడి తండ్రి విమలాదిత్యుడి కాలానిది, అంటే వెయ్యేళ్ల కిందటిది. త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైన ఆచార్యుడు వచ్చి రామకొండకి మొక్కాడని అందులో ఉంది.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది, "వెయ్యేళ్ల కిందటే ఇది రామకొండేనా?"

"అవునమ్మా. ఆ పేరే రాసి ఉంది."

"జైనులాయన వచ్చి దణ్ణం పెట్టాడా?"

"పెట్టాడనే ఉంది."

ఆ మాట తనకి బాగా నచ్చింది. పైకి చేరేదాకా రెండుసార్లు మళ్లీ అడిగింది.

9 గంటల 5 నిమిషాలకి పైకి చేరాం. డెబ్భై నిమిషాలు. తమ్ముడి వయసు వాళ్లయితే అరగంటలోపే ఎక్కేస్తారు. గాలి చల్లగా ఉంది. గుడి తలుపులు వేసి ఉన్నాయి. అక్కడున్నాయన పూజారిగారు వచ్చే వేళయింది, కూర్చోండమ్మా అన్నాడు. కొలను వైపు వెళ్లి కూర్చున్నాం.

ఆ అరగంట గురించే నేను ఎక్కువ చెప్పాలి. అమ్మ నీళ్లకేసి చూస్తూ కూర్చుంది. అక్కడే కదా తల దొరికింది. నాకు ఆ నీళ్లు చూడాలనిపించలేదు. నాలుగేళ్లుగా తన మనసులో ఉన్న సంగతి అమ్మ అప్పుడు బయట పెట్టింది.

"నేను మొక్కింది ఆ సామికి కదే. చిన్నప్పటి నుంచి చూసిన సామికి. లోపల ఉన్నాయన కొత్తాయన. ఆ రోజు రాత్రి ఆసుపత్రిలో నేను ఏడిసిన ఏడుపు ఈయనకి తెలుస్తాదా?"

నాకు ఏం చెప్పాలో తెలియలేదు. ప్రాణప్రతిష్ఠ చేశారు కదమ్మా, దేవుడు ఒకడే కదా అని నేను చెప్పినా తనకి తెలియని మాటలా అవి. అలాంటి మాటలు మా పిన్ని, పక్కింటివాళ్లు, ఊళ్లో శాస్త్రులుగారు అందరూ చెప్పారు. కొండెక్కుతానని పట్టుబట్టింది, నాన్న, సూతకం, మోకాళ్లు అన్నీ నిజమే. వాటన్నిటి వెనక ఈ భయం కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది. తమ్ముడు అమ్మ పక్కకి వచ్చి కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. ముగ్గురం మాట్లాడలేదు. నీళ్ల మీద గాలికి చిన్న చిన్న ముడతలు పడుతున్నాయి.

కాసేపటికి అమ్మే అంది. "అప్పుడూ నీళ్లలోనే దొరికాడు. మళ్లీ నీళ్లలోనే దొరికాడు."

ఇంకేం అనలేదు. లేచి కొలనులో కాళ్లు కడుక్కుంది.

పూజారిగారు వచ్చి తలుపులు తీశాక లోపలికి వెళ్లాం. మాతో పాటు ఇంకో ఆరుగురే ఉన్నారు. తొయ్యడం, జరగండి అనడం ఏమీ లేదు. అమ్మ తన చేత్తో దీపం పెట్టాలనుకుంది. గర్భగుడిలో అది కుదరదు కదా. పూజారిగారు విషయం అడిగారు. తమ్ముణ్ణి చూపించి, అయిదేళ్ల కిందటి మొక్కు అని చెప్పింది. ఆయన సీసా తీసుకుని, సామి ముందు వెలుగుతున్న దీపంలో మా కళ్లముందే నూనె పోశారు. వత్తి కాస్త తగ్గి మళ్లీ నిలబడింది. మిగిలిన నూనె తర్వాత పోస్తానని పక్కన పెట్టుకుని, తమ్ముడి గోత్రం, నక్షత్రం అడిగి అర్చన చేశారు. ఖాళీ ప్రమిద ఒకటి ఇచ్చి బయట వెలిగించుకోమన్నారు. అందులో కాస్త నూనె అమ్మే పోసి వెలిగించింది. గాలికి మూడుసార్లు ఆరిపోయింది. నాలుగోసారి తమ్ముడు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

కొండ దిగే ముందు అమ్మ మళ్లీ లోపలికి వెళ్లి సామి మొహంకేసి చాలాసేపు చూసింది. ఏం చూశావని అడిగాను.

"పాత సామి నలుపు వేరు. ఎన్ని వందల ఏళ్ల నూనె పట్టి నిగనిగలాడేవాడో. ఈయనకి ఇంకా నూనె పట్టలేదు" అంది. కాస్త ఆగి, "పడతాది. ఏళ్లు కావాల" అంది.

దిగడం డాక్టర్ చెప్పినట్టే అయింది. 10 గంటల 20కి మొదలుపెడితే కిందికి వచ్చేసరికి 12 అయింది. ఎక్కినదానికన్నా అరగంట ఎక్కువ. పదిన్నర దాటాక రాయి కాలడం మొదలుపెట్టింది. ఫిబ్రవరిలోనే అలా ఉంటే ఏప్రిల్, మే నెలల్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైకి వెళ్లేటప్పుడు చల్లగా ఉందని మేం ఎవరం మేజోళ్లు తెచ్చుకోలేదు. అమ్మ అరికాళ్లు ఎర్రగా కందిపోయాయి. మందపాటి కాటన్ సాక్సులు ఒక జత సంచిలో పడేసుకోండి, ఈ ఒక్క మాట మరిచిపోవద్దు. నీళ్లు మనిషికి లీటరు చొప్పున తీసుకెళ్లాం, దిగేటప్పుడు సగం దారిలోనే అయిపోయాయి.

దిగేటప్పుడు నిటారుగా కాకుండా పక్కకి తిరిగి, ఒక్కో మెట్టుకి రెండు కాళ్లూ ఆనించి దిగమన్నాను. చివరి వంద మెట్లు తమ్ముడి భుజం మీద బరువంతా వేసి దిగింది. ఒకచోట కూర్చుండిపోయి, ఇంక నా వల్ల కాదంది. అప్పుడు నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. డోలీ లాంటివి ఏవీ కనిపించలేదు. పావుగంట కూర్చోబెట్టి, మోకాళ్లకి మందు రాసి, చక్కెర బిళ్ల నోట్లో పెట్టాక లేచింది. వాకింగ్ స్టిక్ ఇంట్లోనే ఉంది, తేకపోవడం తప్పే. పెద్దవాళ్లతో వెళ్తే ఇద్దరు మనుషులు తోడు ఉండి తీరాలి, ఒక్కరైతే వద్దు.

ఇంటి నుంచి తెచ్చిన పులిహోర చెట్టు కింద కూర్చుని తిన్నాం. ఖర్చు మొత్తం ముగ్గురికి, బస్సు చార్జీలు, ఆటో, కొబ్బరికాయలు, దక్షిణ, టీలు అన్నీ కలిపి పదహారు వందలకి కాస్త అటూ ఇటూ. ఆటో అతను నాలుగు గంటలు అనుకున్నది అయిదు గంటలైనా అదనంగా ఒక్క రూపాయి అడగలేదు. ఎందుకు ఇంత ఆలస్యమైందని అడిగితే అమ్మ మొత్తం కథ చెప్పింది. మూగమ్మ, మా తమ్ముడి డెంగీ, కన్నడ శాసనం, అన్నీ.

రెండు రోజులు మోకాళ్లు వాచాయి. వేడి కాపడం పెట్టుకుని పడుకుంది. మూడో రోజు మామూలుగా తిరిగింది.

తర్వాత ఒకరోజు నేను శ్రీకాకుళం నుంచి ఫోన్ చేస్తే, నూనె సీసా కడిగి ఎండలో బోర్లించానని చెప్పింది. మొక్కు తీరిపోయింది కదా, ఇంక సీసా ఎందుకని అడిగాను.

"ఏప్రిల్లో కొత్త నూనె వస్తాది. మీ తమ్ముడికి సంబంధం కుదిరితే మళ్లీ వస్తానని సామికి చెప్పాను."

"ఎప్పుడు చెప్పావమ్మా?"

"దీపం పెట్టాక మళ్లీ లోపలికెళ్లాను కదే, అప్పుడు."